కోల్టర్ బేలో ఆర్‌వీ క్యాంపింగ్: పెద్దవాళ్లతో గ్రాండ్ టీటన్‌కి వెళ్లడం మంచి ఆలోచనేనా?

ఫ్రిస్కో_శ్రీను
ఈ వేసవికి అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. జులై ఆఖర్లో వ్యోమింగ్‌లోని గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కుకి వెళ్లి, జాక్సన్ లేక్ ఒడ్డున కోల్టర్ బేలో ఆర్‌వీ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) పెట్టుకుని నాలుగైదు రాత్రులు ఉందామని ప్లాన్. డల్లాస్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి ఫ్లైట్, అక్కడ ఆర్‌వీ అద్దెకి తీసుకుంటాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మానాన్న. నాన్నకి షుగర్, రాత్రిపూట రెండు మూడుసార్లు లేవాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ బయటి తిండి ఒక పూటకి మించి తినలేరు. వంటగది, బాత్రూమ్ వెంటే ఉంటాయని ఆర్‌వీ అనుకున్నాం. మా ఆఫీసులో ఒకాయన మాత్రం "వెకేషన్‌కి వెళ్లి సెప్టిక్ ట్యాంకు కడుక్కుంటావా" అని భయపెట్టేశాడు. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ఎంత సైజు బండి తీసుకోవాలి? వంట ఎలా? ఎలుగుబంట్ల సంగతేంటి?

సాల్ట్‌లేక్_సుజాత
బండి సంగతి తర్వాత, ముందు సైట్ చూసుకోండి. ఆ పార్కులో క్యాంపు సైట్లన్నీ రిజర్వేషన్ మీదే ఇస్తారు. రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. జులై ఆఖరంటే జనవరి ఆఖరుకే. మీకు కావాల్సింది కోల్టర్ బే ఆర్‌వీ పార్కు. కోల్టర్ బే క్యాంప్‌గ్రౌండ్ అని ఇంకోటి ఉంటుంది, రెండూ పక్కపక్కనే. ఆర్‌వీ పార్కులో ప్రతి సైటుకీ నీళ్లు, కరెంటు, సీవర్ (మురుగునీళ్లు పోయే గొట్టం) మూడూ ఉంటాయి. పేరు సరిగ్గా చూసి నొక్కండి.

నెల్లూరు_పెద్దోడు
నేను ఆ ఆఫీసాయన పక్షమే. అద్దె, మైలుకింతని చార్జీ, జనరేటర్‌కి గంటకింత, దుప్పట్లు గిన్నెలకి వేరే, ఇన్సూరెన్స్ వేరే. దానికి తోడు గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లే ఇస్తుంది. సాల్ట్ లేక్ నుంచి కోల్టర్ బేకి 300 మైళ్ల పైమాటే. వెళ్లిరావడం, పక్కనున్న ఎల్లోస్టోన్ పార్కు తిరగడం కలిపితే పెట్రోలు ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. అదే కోల్టర్ బేలో క్యాబిన్లు ఉన్నాయి. ఒక పెద్ద ఎస్‌యూవీ, రెండు క్యాబిన్లు తీసుకుంటే హాయిగా పడుకోవచ్చు.

పులిహోర_ప్రియ
@నెల్లూరు_పెద్దోడు ఆ క్యాబిన్లలో వంటగది ఉండదు అన్నయ్యా. ఆయన అసలు సమస్యే తిండి. కొన్ని క్యాబిన్లకి బాత్రూమ్ కూడా బయటే.

నెల్లూరు_పెద్దోడు
బాత్రూమ్ ఉన్నవీ ఉన్నాయమ్మా. అన్నానికి ఒక రైస్ కుక్కర్ చాలదా? పెరుగు, ఆవకాయ, నాలుగు రకాల పొడులు పెట్టుకుంటే నాలుగు రోజులు గడిచిపోతాయి.

మెకానిక్_మూర్తి
పెట్రోలు విషయంలో పెద్దోడుగారి మాట నిజమే. డబ్బు మిగులుతుందని ఆర్‌వీ తీసుకోకూడదు, అది మిగలదు. కానీ షుగర్ ఉన్న మనిషి దారిలో బాత్రూమ్ కోసం 40 మైళ్లు ఆగలేడు కదా. వ్యోమింగ్‌లో ఊరికీ ఊరికీ మధ్య ఏమీ ఉండదు. పెద్దవాళ్లకి ఆర్‌వీ విలువ అక్కడ తెలుస్తుంది.

సైజు: ఆరుగురికి 30 అడుగుల క్లాస్ సి (డ్రైవర్ నెత్తి మీద పడక ఉండే రకం ఆర్‌వీ) తీసుకోండి. 25 అడుగుల దాంట్లో ఐదుగురికే పడకలు, అదీ డ్రైవర్ నెత్తి మీది అటక కలుపుకుని. అటక పిల్లలకివ్వండి, అమ్మగారు ఆ నిచ్చెన ఎక్కలేరు. వెనక బెడ్డు పెద్దవాళ్లకి, డైనింగ్ టేబుల్ మడిచిన పడక మీకు. బండి కదులుతున్నప్పుడు అందరికీ సీటు బెల్టు ఉండాలి. పడకలున్నన్ని బెల్టులు ఉన్నాయో లేదో అద్దెకి ఇచ్చేవాళ్లని ముందే అడగండి.

లైసెన్స్ మామూలుదే సరిపోతుంది. ఇన్సూరెన్స్ మాత్రం జాగ్రత్త. క్రెడిట్ కార్డులిచ్చే కారు అద్దె కవరేజీ చాలావరకు ఆర్‌వీలకి వర్తించదు. సొంత కారు పాలసీ కూడా చాలాసార్లు అంతే.

టీటన్_తిరుగుబోతు
30 అడుగులకి మించొద్దు. సిగ్నల్ మౌంటెన్, లిజార్డ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్లలో పరిమితి 30 అడుగులే. కోల్టర్ బే దొరక్కపోతే అవి మిగులుతాయి కదా. జెన్నీ లేక్ క్యాంప్‌గ్రౌండ్ చూసి మనసు పారేసుకోకండి, అది టెంట్లకి మాత్రమే.

ఫ్రిస్కో_శ్రీను
చాలా థాంక్స్ అందరికీ. ఎల్లోస్టోన్ కూడా ఆర్‌వీతోనే తిరిగేద్దామనుకున్నాం. పార్కింగ్ ఇబ్బంది అవుతుందా?

టీటన్_తిరుగుబోతు
అవుతుంది. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఆర్‌వీని ఇల్లు అనుకోండి, బండి అనుకోకండి. కోల్టర్ బేలో ఒకసారి గొట్టాలు తగిలించాక అక్కడే ఉంచేసి, తిరగడానికి వేరే కారు పెట్టుకోండి. రోజూ పొద్దున్నే నీళ్ల పైపు విప్పి, సీవర్ గొట్టం కడిగి, గిన్నెలన్నీ కదలకుండా సర్ది, మెట్టు లోపలికి లాగి బయల్దేరడమంటే గంట పని. వెళ్లాక జెన్నీ లేక్ దగ్గర ఆ సైజు బండికి చోటు దొరకదు. మూస్-విల్సన్ రోడ్డులోకి ఆర్‌వీలని రానివ్వరు. సిగ్నల్ మౌంటెన్ పైకీ అంతే. ష్వాబాకర్ లాండింగ్‌కి మట్టి రోడ్డు. అంటే టీటన్స్‌లో చూడదగ్గ సగం చోట్లకి ఆ బండితో వెళ్లలేరు.

నెల్లూరు_పెద్దోడు
చూశారా, ఇప్పుడు ఆర్‌వీకి తోడు కారు కూడా అంటున్నారు. నా ఎస్‌యూవీ ప్లానే నయం కదా.

టీటన్_తిరుగుబోతు
ఖర్చులో నయమే అన్నా, కాదనను. కానీ మా మామగారు తెల్లారి ఐదున్నరకే లేచి, సొంత కాఫీ కలుపుకుని, కుర్చీ బయట వేసుకుని, చెట్ల సందుల్లోంచి మౌంట్ మొరాన్ మీద ఎండ పడటం చూసేవారు. హోటల్లో ఆయన పొద్దుటి పూటంతా గదిలో టీవీ ముందే గడిచిపోతుంది. నేను ఆ డబ్బు అందుకే పెడతాను.

గుంటూరు_గీత
మేం ఇద్దరు అక్కచెల్లెళ్లం కలిసి వెళ్లాం. ఒక కుటుంబం ఆర్‌వీ, ఇంకో కుటుంబం కారు. ఖర్చు సగం సగం. శ్రీనుగారూ, తోడు వచ్చేవాళ్లెవరైనా ఉంటే అడగండి.

మెకానిక్_మూర్తి
కరెంటు గురించి ఒక మాట, తెలుగువాళ్ల బండిలో బ్రేకర్ పడిపోయేది వంట దగ్గరే. అద్దె క్లాస్ సి బళ్లన్నీ దాదాపు 30 ఆంపులవే. 120 వోల్టులతో గుణిస్తే మొత్తం 3600 వాట్లు. పైకప్పు ఏసీ సుమారు 1500 లాగేస్తుంది. మైక్రోవేవ్ ఇంకో వెయ్యి పైన. అప్పుడు మీరు ఎలక్ట్రిక్ కుక్కర్ పెడితే టప్పున పడుతుంది. ఏసీ ఆపి కుక్కర్ పెట్టండి, కుక్కర్ అయ్యాక మైక్రోవేవ్. నిజానికి కోల్టర్ బేలో ఏసీ అవసరం రాదు. జులైలో కూడా రాత్రి 40 ఫారెన్‌హీట్‌కి పడిపోతుంది. హీటరే వేసుకుంటారు.

ఏసీ కావాల్సింది దారిలో. జులైలో యూటాలో 100 దాటిన ఎండలో ముందు డాష్‌బోర్డు ఏసీ వెనక కూర్చున్నవాళ్లదాకా రాదు. పెద్దవాళ్లు వెనక ఉంటారు కాబట్టి జనరేటర్ వేసి పైకప్పు ఏసీ నడపండి. ఆ గంటల డబ్బుకి వెనకాడకండి.

పులిహోర_ప్రియ
వంట నేను చెప్తా. కోల్టర్ బే దాదాపు 6,800 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. కాబట్టి విజిల్ వచ్చే ప్రెషర్ కుక్కర్ సూట్‌కేసులో పడేయండి, గ్యాస్ పొయ్యి మీద పెట్టొచ్చు. ఇంట్లో మూడు విజిల్స్ అయితే అక్కడ ఐదు రానివ్వండి.

పోపు మాత్రం లోపల వద్దు. ఎండుమిర్చి వేగిన రెండో నిమిషానికి స్మోక్ అలారం మొత్తుకుంటుంది, పిల్లలు ఏడుస్తారు. అది మోగుతోందని బ్యాటరీ మాత్రం తీయకండి, నిద్రపోయేటప్పుడు అదే మనకి కాపలా. ఒకటి రెండు సీసాల పోపు ఇంట్లోనే వేసుకుని తెచ్చుకుంటే పప్పులో చెంచాడు కలిపితే చాలు. లేదా చిన్న క్యాంపు స్టవ్ కొని బయట బల్ల మీద పెట్టుకోండి.

గుంటూరు_గీత
పెరుగు తోడుకోదు అక్కడ, రాత్రి చలికి పాలు పాలలాగే ఉంటాయి. దారిలో డబ్బాలు కొనుక్కోండి. ఇంకోటి, మాకు అద్దెకిచ్చినవాళ్లు మసాలా వాసన, గట్టు మీద పసుపు మరక అని క్లీనింగ్ చార్జీ వేశారు. స్టవ్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ పరిచి వండండి. తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ వీడియో తీయండి.

ఫ్రిస్కో_శ్రీను
ఆవకాయ తీసుకెళ్తే ఎలుగుబంటి వస్తుందా? అమ్మ సీరియస్‌గానే అడుగుతోంది.

టీటన్_తిరుగుబోతు
అమ్మగారు సరిగ్గానే అడిగారు. అక్కడ నల్ల ఎలుగులూ, గ్రిజ్లీలూ (గోధుమరంగు పెద్ద ఎలుగులు) రెండూ ఉన్నాయి. కోల్టర్ బే పక్కనున్న పిల్‌గ్రిమ్ క్రీక్ ప్రాంతం గ్రిజ్లీలు తిరిగేదే. 399 అనే తల్లి ఎలుగు పిల్లలతో తిరిగేది, దాన్ని చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. 2024 అక్టోబరులో జాక్సన్ ఊరికి దక్షిణాన హైవే మీద బండి గుద్ది చనిపోయింది.

ఆవకాయ ఆర్‌వీ లోపల, కిటికీలు తలుపులు మూసి ఉంటే ఏమీ కాదు. గట్టి గోడల బండి కాబట్టి లోపల పెట్టుకోవచ్చు. బయట బల్ల మీద వదలకూడదు. "ఐదు నిమిషాలే కదా, చేతులు కడుక్కొస్తా" అన్నా కుదరదు. కుక్కర్, ఖాళీ గిన్నె, టూత్‌పేస్టు, చెత్త సంచి అన్నీ వాసన లెక్కలోకే వస్తాయి. గంజి, అంట్లు కడిగిన నీళ్లు చెట్ల కింద పారబోయకండి. మనిషి తిండికి అలవాటు పడ్డ ఎలుగుని చివరికి చంపేయాల్సి వస్తుంది. మనం మరిచిపోయిన ఒక్క పళ్లెం దాని ప్రాణానికి వస్తుంది.

ఎలుగులకీ తోడేళ్లకీ 100 గజాలు, మిగతా జంతువులన్నిటికీ 25 గజాల దూరం ఉండాలి. ఫొటో కోసం నాన్నగారిని మూస్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) పక్కన నిలబెట్టకండి, అది ఎలుగు కంటే త్వరగా మీద పడుతుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
బేర్ స్ప్రే ఒంటికి పూసుకోవాలా, లేక ఎలుగు మీద కొట్టాలా? మా బాబాయి వాళ్లు మొదటి రకం అనుకున్నారట.

టీటన్_తిరుగుబోతు
ఎలుగు మీదే! దోమల మందు కాదు అది, మిరప ఘాటు. ఒంటికి పూసుకుంటే ఆసుపత్రే. ఆర్‌వీ లోపల పొరపాటున నొక్కినా అందరూ బయటికి పరుగెత్తాలి. విమానంలో చెకిన్‌లో కూడా తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి.

సాల్ట్‌లేక్_సుజాత
దారి గురించి. ఐడహో ఫాల్స్ మీదుగా వెళ్తే మ్యాప్ మిమ్మల్ని స్వాన్ వ్యాలీ దగ్గర ఎడమకి తిప్పి విక్టర్, టీటన్ పాస్ ఎక్కించాలని చూస్తుంది. వినకండి. అది 8,431 అడుగుల కనుమ, 10 శాతం వాలు. 30 అడుగుల అద్దె బండితో, వెనక పెద్దవాళ్లని కూర్చోబెట్టుకుని ఆ దిగుడు వద్దు. యూఎస్ 26 హైవే మీదే నేరుగా ఆల్పైన్‌కి పోయి, స్నేక్ రివర్ కాన్యన్ గుండా జాక్సన్ చేరండి. లోగన్ కాన్యన్, బేర్ లేక్ దారి అందంగా ఉంటుంది కానీ మెలికలు ఎక్కువ. కడుపులో తిప్పే పిల్లలుంటే ఆల్పైన్ దారే మేలు.

మెకానిక్_మూర్తి
సుజాతగారు చెప్పిన దారే నాదీ. దిగేటప్పుడు టో-హాల్ మోడ్ నొక్కితే గేరే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే దిగితే బ్రేకులు కాలిపోతాయి. బండి ఎత్తు 12 అడుగులు అటూ ఇటూ ఉంటుంది, స్టీరింగ్ దగ్గర కాగితం మీద రాసి అంటించుకోండి. పెట్రోలు బంకు కప్పు కిందకి పోయే ముందు చూసుకోండి.

ఫ్రిస్కో_శ్రీను
అన్నీ బాగున్నాయి. ఇక ఆ ట్యాంకు సంగతి చెప్పండి. నిజంగా అంత ఘోరమా?

మెకానిక్_మూర్తి
పది నిమిషాల పని. రెండు ట్యాంకులుంటాయి. టాయిలెట్‌ది బ్లాక్, సింకు స్నానాలది గ్రే. సీవర్ ఉన్న సైటు కదా అని చాలామంది బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తారు. అదే కొంప ముంచేది. నీళ్లు పారిపోయి గట్టిది అడుగున గడ్డకట్టి మిగిలిపోతుంది. బ్లాక్ ఎప్పుడూ మూసే ఉంచండి. మూడు వంతులు నిండాక తెరవండి, అప్పుడు ఒక్క ఊపుతో అంతా వెళ్లిపోతుంది. దాని వెనకే గ్రే వదలండి, సబ్బునీళ్లకి గొట్టం శుభ్రమవుతుంది. ఈ వరస తిప్పకండి. చేతికి పారేసే గ్లోవ్స్. వెళ్లేటప్పుడు రెండూ ఖాళీ చేసి, ట్యాంకు మందు ఒక గుళిక, కొంచెం నీళ్లు బ్లాక్‌లో పోయండి.

పులిహోర_ప్రియ
మన ఇళ్లలో చెంబు వాడకం ఉంటుంది కాబట్టి బ్లాక్ త్వరగా నిండుతుంది. కానీ నీళ్లు ఎక్కువ పడితే మంచిదే, గడ్డ కట్టదు. టిష్యూ వాడితే ఆర్‌వీలకి అమ్మేదే వాడండి, తడి వైప్స్ అసలు వేయొద్దు. పెద్దవాళ్లకి మొదటి రోజే ఫ్లష్ పెడల్ ఎలా తొక్కాలో ఒకసారి చూపించండి. మోకాళ్ల నొప్పి ఉంటే ఆ పెడల్ తొక్కడం కూడా కష్టమే, కొన్నింటికి చేత్తో తిప్పేది ఉంటుంది, అడగండి.

గుంటూరు_గీత
స్నానాలకి బండిలో కష్టపడకండి, వేడినీళ్ల ట్యాంకు చిన్నది. ముగ్గురు వరసగా చేస్తే నాలుగో మనిషికి చన్నీళ్లే. కోల్టర్ బే విలేజ్‌లో డబ్బులిచ్చి చేసే షవర్లు, లాండ్రీ, కిరాణా కొట్టు అన్నీ ఉన్నాయి.

నెల్లూరు_పెద్దోడు
పిల్లలకి క్యాంప్‌ఫైర్ ఆశ పెట్టారా? ఆర్‌వీ పార్కులో కట్టెల మంట పెట్టనివ్వరు. నాకు ఆర్‌వీ ఇష్టం లేకపోయినా ఈ మాట ముందే చెప్పాలి, పిల్లలు అక్కడికెళ్లాక ఏడుస్తారు.

టీటన్_తిరుగుబోతు
నిజం. మంట నిషేధం లేని రోజుల్లో పిక్నిక్ ఏరియాల్లో ఇనప గ్రేట్లు ఉన్నచోట వేసుకోవచ్చు, మార్ష్‌మాలోలు అక్కడ కాల్చుకోండి.

అమ్మమ్మ_అట్లాంటా
నాకు 68 ఏళ్లు. మా అబ్బాయి నన్ను తీసుకెళ్లాడు. బాబూ శ్రీనూ, నువ్వు బండి గురించి ఇన్ని అడిగావు, వాళ్లు పగలు ఏం చేస్తారో అడగలేదు. పిల్లలు కొండలెక్కుతామంటారు, పెద్దవాళ్లని బండిలో కూర్చోబెట్టి పోతారు. అలా చేయకు. కోల్టర్ బే నుంచి లేక్‌షోర్ ట్రెయిల్ అని ఉంది, రెండు మైళ్లే, దాదాపు చదును. నేను కర్ర పట్టుకుని సగం నడిచాను, అక్కడక్కడా కూర్చుంటూ. అక్కడి మెరీనా నుంచి సరస్సు మీద బోటు షికారు ఉంటుంది. జెన్నీ లేక్ దగ్గర కూడా బోటు ఉంది, అటు దిగి పిల్లలు హిడెన్ ఫాల్స్‌కి నడుస్తారు, మనం ఒడ్డున కూర్చోవచ్చు.

మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు. ఆ ఎత్తుకి నాకు తల బరువెక్కింది, ఆయాసం వచ్చింది. నీళ్లు బాగా తాగించు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఇంత ఎత్తుకి వెళ్తున్నామని బయల్దేరేముందు డాక్టరుకి చెప్పాలి. ఇన్సులిన్ అయితే బండి ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెట్టకు, గడ్డకడుతుంది.

ఫ్రిస్కో_శ్రీను
అమ్మా, మీ మాట మా అమ్మకి చదివి వినిపించాను. బోటు ఖాయం చేసుకుంది. చాలా థాంక్స్.

సాల్ట్‌లేక్_సుజాత
పార్కు ఫీజు మర్చిపోకండి. 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకి, 16 ఏళ్లు నిండితే, 11 పెద్ద పార్కుల్లో మామూలు ఫీజు మీద తలా 100 డాలర్లు అదనం. గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. నివాసం లేనివాళ్ల వార్షిక పాస్ 250 డాలర్లు. రెండు పార్కులూ చూస్తే పాస్ లెక్కే నయం. ఇక్కడే నివాసముండే మీకైతే 80 డాలర్ల పాస్ చాలు, ఫొటో ఐడీ దగ్గర పెట్టుకోండి.

కూకట్‌పల్లి_కుర్రాడు
సరస్సులో ఈత కొట్టొచ్చా? నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయా?

టీటన్_తిరుగుబోతు
కోల్టర్ బేలో ఈతకి ఒడ్డు ఉంది. మంచు కరిగిన నీళ్లు, పిల్లలు కాళ్లు పెట్టి కెవ్వుమంటారు. లైఫ్ జాకెట్ లేకుండా లోపలికి పంపొద్దు. జాక్సన్ లేక్ సహజ సరస్సే, కానీ దాని మీద ఆనకట్ట ఉంది. పైన 39 అడుగుల నీళ్లు ఐడహో రైతుల పొలాలకి వదులుతారు, మన సాగర్ ఆయకట్టుకి వదిలినట్టే. వాన తక్కువైన ఏడాది ఆగస్టు చివరికి ఒడ్డు బాగా వెనక్కి పోతుంది. జులై ఆఖరు మంచి సమయమే. దోమలు మాత్రం ఉంటాయి.

నెల్లూరు_పెద్దోడు
సరే, షుగర్ మనిషి బాత్రూమ్ సంగతి ఆలోచిస్తే ఈ కుటుంబానికి ఆర్‌వీయే సరి. నా క్యాబిన్ మాట పెద్దవాళ్లు లేనివాళ్లకి.

ఫ్రిస్కో_శ్రీను
అప్‌డేట్. నిన్న పొద్దున మౌంటెన్ టైమ్ 8 కాగానే నేనూ మా ఆవిడా రెండు ల్యాప్‌టాప్‌ల మీద కూర్చున్నాం. కోల్టర్ బే ఆర్‌వీ పార్కులో ఐదు రాత్రులు దొరికాయి, వెనక్కి తీసే పని లేకుండా నేరుగా దూరి నేరుగా బయటికొచ్చే సైటు. బావమరిది కుటుంబం డెన్వర్ నుంచి కారులో వస్తానన్నారు, వాళ్లు క్యాబిన్ తీసుకుంటారు. అంటే పెద్దోడుగారి ప్లాను కూడా అమలైనట్టే. 30 అడుగుల క్లాస్ సి, టీటన్ పాస్ జోలికి పోం. ఎల్లోస్టోన్ ఒక్కరోజు, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ (వేడినీళ్లు ఎగజిమ్మే బుగ్గ) వరకే, బావ కారులో రెండు విడతలుగా.

టీటన్_తిరుగుబోతు
ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి పెద్దవాళ్లు మొదటి విడతలో వెళ్లాలి. పొద్దున ఎనిమిదికల్లా అక్కడుంటే పార్కింగ్ దగ్గర్లో దొరుకుతుంది, అమ్మగారు ఎక్కువ నడవక్కర్లేదు.

సాల్ట్‌లేక్_సుజాత
బేర్ స్ప్రే కొనకండి శ్రీనుగారూ. మా దగ్గర రెండు ఉన్నాయి, ఎక్స్‌పైరీ 2028. మీరు బండి తీసుకునే చోటికి మేం ఇరవై నిమిషాల్లో రాగలం. పెరుగు డబ్బా కూడా తెస్తాను, మెసేజ్ పెట్టండి.